బాల్యపు గాయములు - యౌవనపు స్థూలకాయము
(యౌవనస్థుల, తల్లిదండ్రుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ సందర్భంగా ఆరోగ్యాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని కమిటీవారు కోరినారు. షుగరు గురించో, రక్తపోటు గురించో చెబుతానని మీలో చాలామంది అనుకొని ఉంటారు. ఆ రెండింటికీ దారి తీసే స్థూలకాయము గురించి, అందులోనూ మన పిల్లల స్థూలకాయము గురించి మాట్లాడదలచినాను. అయితే పథ్యము, వ్యాయామము అనే మాటలు మీరు అనేకసార్లు విన్నవే. వాటికంటె వెనుక ఉన్న ఒక కారణాన్ని మీ ముందు ఉంచుతాను. అది వంటింట్లో కాక ఇంటి వాతావరణంలో ఉన్నది.

నూరేళ్ళ క్రితం మన పెద్దల కాలంలో పిల్లల ఆరోగ్యమంటే కరవు, కలరా, మలేరియా. లావుగా ఉన్న పిల్లవాడిని చూస్తే కలిగినవారి బిడ్డ అని మురిసిపోయేవారు. ఇప్పుడు కాలం మారింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2022లో 5 నుండి 19 సంవత్సరాల లోపు పిల్లలలో 39 కోట్లకు పైగా అధిక బరువుతో ఉన్నారు. వారిలో 16 కోట్ల మందిది స్థూలకాయము. మన ప్రాంతము కూడా దీనికి దూరంగా లేదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో అధిక బరువు గలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 36 మంది, తెలంగాణలో సుమారు 30 మంది అని తేలింది.

ఇది చూచి మనము వెంటనే అనే మాట ఏమిటి? "నోరు కట్టుకోలేరు, ఒళ్ళు వంచరు" అంటాము. పిల్లవాడికి డ్రమ్ము అనో, బస్తా అనో పేరు పెట్టి నవ్వుతాము. ఈ తీర్పు సరియైనదేనా అన్నదే నేటి ప్రశ్న.

అమెరికాలోని శాన్ డియాగో నగరంలో 1980వ దశకంలో డాక్టర్ విన్సెంట్ ఫెలిట్టి అనే వైద్యుడు స్థూలకాయులకు బరువు తగ్గించే ఒక చికిత్సా కేంద్రాన్ని నడిపినాడు. చికిత్స బాగానే పనిచేసింది. కాని ఒక వింత కనిపించింది. బరువు తగ్గనివారు కాక, చక్కగా తగ్గుతున్నవారే మధ్యలో మానివేసి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. వారిలో ఒక యువతి ఒక్క సంవత్సరంలో సుమారు 185 కిలోల నుండి 60 కిలోలకు దిగింది. తరువాత కొద్ది వారాలలోనే మళ్ళీ అతి వేగంగా బరువు పెరగసాగింది. నిద్రలో లేచి తినేది. ఏమి జరిగిందని విచారించగా, తనతో పనిచేసే వయసు మళ్ళిన ఒక పురుషుడు ఆమెను తప్పుడు దృష్టితో పలకరించినాడని తెలిసింది. ఇంకా లోతుకు వెళ్ళగా, చిన్నతనంలో సొంత తాత చేతిలోనే ఆమె చెరచబడిందని బయటపడింది.

ఫెలిట్టి ఇటువంటి 286 మందితో విడివిడిగా మాట్లాడినాడు. ఆశ్చర్యకరమైన సంఖ్యలో వారు బాల్యంలో లైంగిక హింసకు గురియైనవారే. మనము వారి లావును రోగము అనుకొన్నాము. వారికి మాత్రము అది ఒక గోడ. తన వైపు ఎవరి చూపూ పడకుండా ఆ స్త్రీ తన దేహం చుట్టూ కట్టుకొన్న కోట అది. కోట కూలిపోతుంటే భయపడి మళ్ళీ కట్టుకొన్నది. ఇది తెలియని వైద్యుడు ఎన్ని పథ్యాలు చెప్పినా ఏమి లాభము?

ఆ తరువాత ఫెలిట్టి, ప్రభుత్వ వ్యాధి నివారణ కేంద్రానికి చెందిన డాక్టర్ రాబర్ట్ ఆండా కలిసి ఒక పెద్ద పరిశోధన చేసినారు. 1995 నుండి 1997 వరకు 17 వేల మందికి పైగా స్త్రీ పురుషులను వారి బాల్యాన్ని గురించి ప్రశ్నించినారు. కొట్టడము, అవమానించడము, లైంగిక హింస, తిండికీ ప్రేమకూ నోచుకొనకపోవడము, తల్లి దెబ్బలు తినడము చూడడము, ఇంట్లో త్రాగుడు, మానసిక వ్యాధి, తల్లిదండ్రులు విడిపోవడము, ఇంటివారు జైలుకు వెళ్ళడము - ఇటువంటి పది రకాల కష్టాలను లెక్కించినారు. ఈ ప్రజలు కూడు లేని నిరుపేదలు కారు. ఎక్కువమంది చదువుకొని, ఆరోగ్య బీమా కలిగిన మధ్య తరగతివారు. అయినా ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఒక్క కష్టమైనా అనుభవించినవారే. ఎనిమిదిమందిలో ఒకరు నాలుగో అంతకు మించో అనుభవించినారు. 1998లో ప్రకటించిన మొదటి ఫలితాలలో, ఏ కష్టమూ ఎరుగనివారితో పోల్చితే, నాలుగు లేక అంతకంటె ఎక్కువ కష్టాలు పడినవారిలో తీవ్ర స్థూలకాయము, వ్యాయామము లేకపోవడము 1.4 నుండి 1.6 రెట్లు ఎక్కువగా కనిపించినవి. త్రాగుడు, మాదక ద్రవ్యాలు, దిగులు, ఆత్మహత్యా ప్రయత్నము అయితే 4 నుండి 12 రెట్లు.

పెద్దవారు ఎప్పటి సంగతులో గుర్తు తెచ్చుకొని చెప్పినవి నమ్మదగినవేనా అని మీరు అడగవచ్చును. మంచి ప్రశ్నే. అందుకు జవాబుగా జెన్నీ నాల్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2007లో మరొక ఫలితాన్ని ప్రకటించినారు. లైంగిక హింసకు గురియైనట్లు అధికారులు నిర్ధారించిన బాలికలను, అటువంటి అనుభవము లేని బాలికలను పక్కపక్కన పెట్టి ఏళ్ళ తరబడి గమనించినారు. చిన్నతనంలో ఇరువురి బరువులలో పెద్ద భేదము లేదు. ఇరవై ఏళ్ళు దాటిన తరువాత మాత్రము హింసకు గురియైనవారిలో నూటికి 42 మంది, ఇతరులలో నూటికి 28 మంది స్థూలకాయులైనారు. దీనినిబట్టి మనము నేర్చుకొనవలసినది ఒకటున్నది. గాయము ఒకనాడు తగులుతుంది. బరువు ఏళ్ళ తరువాత కనిపిస్తుంది. నేడు బిడ్డ మామూలుగా కనబడుతున్నదని మనము నిశ్చింతగా ఉండరాదు.

ఇక మనసులోని బాధ ఒంటిమీద కొవ్వుగా ఎట్లా మారుతుంది? దీనికి కొన్ని దారులున్నవి.

మొదటిది, శరీరములోని అలారము. భయము కలిగినప్పుడు మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. కుక్క తరిమినప్పుడు పరుగెత్తడానికి అది అవసరము. ప్రమాదము తప్పిన తరువాత ఆ అలారము ఆగిపోవాలి. కాని నాన్న త్రాగి ఎప్పుడు వస్తాడో, ఎవరిని కొడతాడో అని ప్రతి రాత్రీ వణికే బిడ్డకు ఆ అలారము సరిగా ఆగదు. ఆ హార్మోను చాలాకాలము అధికంగా ఉంటే ఆకలి పెరుగుతుంది, తీపి మీదికి, నూనె పదార్థాల మీదికి మనసు పోతుంది, కొవ్వు పొట్ట దగ్గర చేరుతుంది.

రెండవది, ఓదార్పు. చెప్పుకొనే దిక్కు లేని బిడ్డకు చిప్స్ పొట్లము, కూల్ డ్రింకు, బిస్కెట్టు స్నేహితులవుతాయి. తిన్న ఆ నాలుగు నిమిషాలు బాధ తగ్గినట్లుంటుంది. దానిని తిండిపోతుతనము అనడం కంటె తెలియక చేసుకొంటున్న సొంత వైద్యము అనడము న్యాయము.

మూడవది, నిద్ర. గొడవలు జరిగే ఇంట్లో పిల్లలకు నిండు నిద్ర ఉండదు. నిద్ర తగ్గితే ఆకలిని పెంచే, తగ్గించే హార్మోనులు తారుమారవుతాయి.

నాలుగవది, అవమానము. లావైన పిల్లవాడిని నలుగురూ నవ్వితే ఆటస్థలానికి రావడం మానేస్తాడు. ఇంట్లో కూర్చుంటాడు, తింటాడు, ఇంకా లావవుతాడు. ఈ చివరి దారిని మనమే వేస్తున్నాము.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పవలసియున్నది. లావైన ప్రతి పిల్లవాడూ హింసకు గురియైనాడని అనుకొనరాదు. వంశపారంపర్యము, తిండి, ఆట లేకపోవడము, కొన్ని మందులు, అరుదుగా గ్రంథుల వ్యాధులు కూడా కారణాలే. ఇరుగుపొరుగు ఇళ్ళను అనుమానించడానికి ఈ ప్రసంగాన్ని వాడుకొనవద్దని మనవి. అట్లాగే కష్టపడిన ప్రతి బిడ్డా లావవడు. కొందరు చిక్కిపోతారు, అనేకులు ఆరోగ్యంగా ఎదుగుతారు. ఈ కష్టాల లెక్క పెద్ద సమూహాలకే గాని ఒక్కొక్క వ్యక్తి భవిష్యత్తు చెప్పడానికి పనికిరాదని ఆండాగారే 2020లో హెచ్చరించినారు.

ఇవన్నీ అమెరికా సంగతులు, మన ఇళ్ళలో ఇటువంటివి ఎక్కడివి అంటారా? కేంద్ర ప్రభుత్వ స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక నివేదిక ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలలో 12 వేలకు పైగా పిల్లలతో మాట్లాడి తయారుచేసినది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవారు. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక హింసను ఎదుర్కొన్నారు. ఆ పని చేసినవారిలో సగంమంది బిడ్డకు తెలిసినవారు, బిడ్డ నమ్మినవారు. చాలామంది పిల్లలు ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని మనము నేర్పినాము గనుక. పరువు పోతుందని తల్లి నోరు మూస్తుంది. "మొక్కై వంగనిది మానై వంగునా" అని తండ్రి బెత్తము తీస్తాడు. మొక్కను వంచడానికి కర్రతో కొట్టే తోటమాలి ఎవరైనా ఉన్నాడా? నీళ్ళు పోస్తాడు, పక్కన ఊతకర్ర పాతుతాడు. మరొక సంగతి. కోనసీమ నుండి, కడప ప్రాంతము నుండి ఎందరో తల్లులు కువైట్‌కు ఇంటిపనులకు వెళ్ళినారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. డబ్బు వస్తున్నది గాని అమ్మ రావడం లేదు. బిడ్డ ఏడిస్తే చేతిలో పది రూపాయలు పెట్టి అంగడికి పంపుతారు. ఆ తల్లులను నిందించడము లేదు; వారి త్యాగము గొప్పది. ఆ బిడ్డలకు మనము ఏమవుతున్నామన్నదే ప్రశ్న.

కాబట్టి నా మనవులు కొన్ని ఉన్నవి.

ఒకటి, ఈ రోజు నుండి మన ఇళ్ళలోను, సండే స్కూలులోను, హాస్టళ్ళలోను ఎవరి శరీరాన్ని బట్టీ పేరు పెట్టి పిలువవద్దు. పెండ్లి విందులో పదిమంది ముందు "ఇంకా వడ్డించుకొంటావా" అని అడగవద్దు. సిగ్గుతో ఎవరి బరువూ తగ్గదు.

రెండు, బిడ్డ ఒక్కసారిగా బరువు పెరిగినా, తగ్గినా, దొంగచాటుగా తింటున్నా, ఫలానా బంధువు దగ్గరకు వెళ్ళనని ఏడ్చినా, కొట్టి పంపవద్దు. పక్కన కూర్చుండి నెమ్మదిగా వినండి. "నీ తప్పేమీ లేదు" అన్న ఒక్క మాట మొదటి మందు.

మూడు, చట్టము తెలిసికొనండి. బడిలో పిల్లలను కొట్టడము 2009 విద్యాహక్కు చట్టము నిషేధించింది. 2012లో వచ్చిన పోక్సో చట్టము ప్రకారం బిడ్డపై లైంగిక హింస జరిగినదని తెలిసిన ప్రతివారూ పోలీసులకు తెలియజేయవలెను. దాచిపెట్టడము నేరము. సంస్థల పెద్దలు తమ క్రింద పనిచేసేవారి తప్పును దాచితే శిక్ష ఇంకా ఎక్కువ. సంఘము పరువు అని, సంస్థ పరువు అని లోలోపల సర్దుకొనడానికి వీలు లేదు. బిడ్డ పేరు బయటపెట్టడము కూడా నేరమే. పిల్లల సహాయానికి 1098 అనే ఫోను నంబరున్నది. ప్రతి బిడ్డకూ కంఠతా రావలెను.

నాలుగు, ప్రతి బిడ్డకూ నమ్మదగిన పెద్దవారు ఒక్కరైనా ఉండవలెను. అటువంటి ఒక్కరి తోడు ఉన్న పిల్లలు ఎంతటి కష్టాన్నైనా తట్టుకొని నిలబడగలరని పరిశోధకులు పదే పదే చెప్పుచున్నారు. దీనికి డబ్బు అక్కరలేదు, భవనము అక్కరలేదు. స్త్రీల సమాజము, ఉపాధ్యాయులు, యౌవనస్థుల నాయకులు తలా ఇద్దరు ముగ్గురు పిల్లలను తమ సొంతమనుకొని వారము వారము పలకరిస్తే చాలును. సాయంకాలము చర్చి ఆవరణలో అందరూ కలిసి ఆడుకొనే ఒక గంట ఏర్పాటు చేస్తే, లావు సన్నము భేదము లేకుండా అన్ని కాళ్ళూ కదులుతాయి, నోళ్ళూ తెరుచుకొంటాయి.

యౌవనస్థులారా, మీలో ఎవరైనా ఇటువంటి భారము మోస్తున్నట్లయితే, అది మీ బలహీనత కాదు. నమ్మిన ఒక్కరితో చెప్పండి. వారు వినకపోతే మరొకరితో చెప్పండి. వైద్య సహాయము, మానసిక సలహా తీసికొనడానికి సిగ్గుపడవద్దు.