బోనెక్కిన మాస్టారు

ఎనుమాముల మార్కెట్టు యార్డుకు మిరపబస్తాలు వచ్చు దినములలో మా తరగతి బల్లలు కొన్ని ఖాళీగా నుండును. ఆ పిల్లలు ఎచటికి పోయిరో ఊహింతుమే గాని వెళ్లి చూచినది లేదు. వాల్టర్ డీన్ మయర్స్ 1999లో వెలువరించిన ‘మాన్‌స్టర్’ నవలను తెలుగులో చెప్పుచు పిల్లలతో చదివినప్పుడు మాకీ లోపము తోచినది.

న్యూయార్కులోని హార్లెమ్ వాసి స్టీవ్ హార్మన్ 16 ఏండ్ల బాలుడు. ఒక మందుల దుకాణమున దోపిడి జరిగి యజమాని హతుడయ్యెను. లోపల పోలీసులున్నారేమో ముందుగా చూచివచ్చినాడని స్టీవ్‌పై నేరారోపణ. అతనికి చలనచిత్ర విద్య నేర్పిన సావిక్కీ మాస్టారు అతని తరఫున సాక్ష్యమిచ్చెను. బడి విడిచి ఎవరి పేటకు వారు పోయిన పిదప ఆ బాలుడేమి చేయునో మీకు తెలియదు గదా యని ప్రాసిక్యూటరు నిలదీసినది. అతడు తీసిన చిత్రములే అతడేమి చూచుచున్నాడో చెప్పునని మాస్టారి ప్రత్యుత్తరము.

ఆ ప్రత్యుత్తరము మా నోట రాదు. మేము పిల్లలచే ప్రశ్నోత్తరములు వల్లె వేయింతుము. చూచినది వ్రాయుడని అడుగము. మన దేశమునను, 2015 నాటి బాలన్యాయ చట్టము ననుసరించి, ఘోరనేరము మోపబడిన 16 ఏండ్లు నిండిన బాలుని, బోర్డు పరిశీలించి పంపినచో, పెద్దవారివలె విచారింపవచ్చును. అట్టి దినమున హాజరుపట్టీ తప్ప మేమేమి చూపగలము?

జ్యూరీ స్టీవ్‌ను విడిచిపెట్టినది. అతడు సంతోషముతో చేతులు చాపగా, అతని న్యాయవాదియే బిగుసుకొని ముఖము త్రిప్పుకొన్నది. “అతడు చేసినాడా, సార్?” అని మా పిల్లలడిగిరి. మేము తీర్పు చెప్పక, యార్డులో చూచినది వ్రాసి తెమ్మంటిమి. హమాలీయైన తన తండ్రి కాంటా మీదికి బస్తా చేర్చు తీరును ఒకడు రెండు పుటలు వ్రాసినాడు. వానిది మూడవ బల్ల. ఫిబ్రవరిలో ఎప్పుడును ఖాళీయే.