మోటారు సైకిలు ఇంజనుతో నడిచే కారు: కొనేముందు



సంక్రాంతికి ముందు కోట నుండి మా మేనల్లుడు ఒక కబురు చేసినాడు. రొయ్యల చెరువులమీద రెండు పంటలు వరుసగా కలిసివచ్చినవట. చెన్నైలో ఒకాయన దగ్గర పాత స్పోర్ట్సు కారొకటి అమ్మకానికి ఉన్నదట. రెండే సీట్లు, పైన కప్పు లేదు, లోపల సుజుకీ హయబూసా మోటారు సైకిలు ఇంజను. "ఆ చప్పుడు ఒక్కసారి వినండి మామా, తక్కిన సంగతులు తరువాత" అన్నాడు.

చప్పుడు విని కొన్న వస్తువు గతి ఏమవుతుందో నాకు కొంత అనుభవం ఉన్నది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత మోటారు సైకిలును, దాని గంభీరమైన ధ్వనికి లోబడి, కొన్నాను. అమ్మినవాడు ఇంజనులో చిక్కని నూనె పోసి లోపలి గలగలను అణచిపెట్టినాడని నెలనాళ్ల తరువాతగాని తెలియలేదు. ఈసారి డబ్బు నాది కాదు. మా చెల్లెలి కుటుంబం రెండేళ్ల కష్టం. అందుచేత నేనుకూడా వెంట బయలుదేరినాను. విద్యానగరం కళాశాలలో యంత్రశాస్త్రం చదివి, ఇప్పుడు గూడూరులో మరమ్మతుల షెడ్డు నడుపుకొంటున్న మావాడి స్నేహితుణ్ణి కూడా తీసుకొని వెళ్లినాము. పాత బండి కొనబోయేటప్పుడు వెంట తీసుకొని వెళ్లవలసినది దానిని చూచి ముచ్చటపడని మనిషిని.

కారుకు మోటారు సైకిలు ఇంజను ఏమిటని శ్రోతలలో కొందరికి తోచవచ్చును. ఇది నిన్న మొన్నటి వింత కాదు. ఇంగ్లండులో మోర్గన్ అనే ఆయన 1909లోనే అటువంటి మూడు చక్రాల బండిని నిర్మించినాడు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత కూపరు తండ్రీకొడుకులు 500 సీసీ మోటారు సైకిలు ఇంజనులతో చిన్న పందెపు కార్లు చేసినారు. స్టిర్లింగ్ మాస్ 1948లో పందేలు మొదలుపెట్టినది అటువంటి కారుతోనే. మన హైదరాబాదులో 2022 చివర హుస్సేను సాగరం ఒడ్డున వీథులనే పందెపు బాటగా మార్చి ఇండియన్ రేసింగ్ లీగ్ జరిపినప్పుడు, పరుగెత్తిన ఇటలీ దేశపు వుల్ఫ్ కార్లలో ఉన్నది అప్రిలియా మోటారు సైకిలు ఇంజనే. కారణం సులభం. ఆ ఇంజను తేలిక. నిమిషానికి పదివేల చుట్లదాకా తిరుగుతుంది. గేరుపెట్టె దానిలోనే ఇమిడి ఉంటుంది. బండి బరువు అయిదారు వందల కిలోలకు మించకపోతే దాని వేగం మనిషిని వీపుమీద చరిచినట్లు ఉంటుంది.

గూడూరునుండి చెన్నై వెళ్లే పెద్దబాటలోనే షోళవరం తగులుతుంది. యుద్ధకాలంనాటి విమానాల మైదానంలో అక్కడ ఎన్నో ఏళ్లు మోటారు పందేలు జరిగినవి. తరువాత ఆ సందడి శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైకి తరలిపోయినది. "మన కోటనుండి వాళ్ల కోట్టైకి" అని మావాడు దారిలో ఛలోక్తి విసిరినాడు. నేను నవ్వలేదు, బేరానికి పోతూ నవ్వితే వెల పెరుగుతుందని నా నమ్మకం.

మేము వెళ్లేసరికి బండి షెడ్డు బయట నిలిపి ఉన్నది. అందంగానే ఉన్నది. గూడూరు కుర్రవాడు దానివైపు చూడకుండా తిన్నగా వెళ్లి ఇంజనుమీద చేయి వేసినాడు. వెచ్చగా ఉన్నది! మేము వచ్చేలోగా ఒకసారి నడిపి ఉంచినారన్నమాట. చల్లారిన ఇంజనే నిజం చెబుతుంది. మొదటిసారి మీట నొక్కగానే అంటుకొంటున్నదా, నీలిపొగ వస్తున్నదా, లోపల టకటకమంటున్నదా అన్నది అప్పుడే తెలిసేది. నీలిపొగ నూనె కాలుతున్నదనడానికి గుర్తు. నల్లపొగ పెట్రోలు ఎక్కువవుతున్నదని. వదలకుండా తెల్లపొగ వస్తుంటే చల్లబరిచే నీరు లోపలికి దిగుతున్నదని అనుమానించవలె. "మేము టిఫిను చేసి వస్తామండి" అని చెప్పి, రెండు గంటలు కావాలనే ఆలస్యం చేసినాము.

ఇక్కడ అసలు విషయం చెప్పవలె. మోటారు సైకిలు మలుపు తిరిగేటప్పుడు పక్కకు ఒరుగుతుంది. దానితోపాటు ఇంజనూ ఒరుగుతుంది కాబట్టి, అడుగున ఉన్న నూనె అడుగుననే ఉంటుంది. కారు అట్లా ఒరగదు. మలుపులో నూనె అంతా ఒక పక్కకు ఎగబ్రాకుతుంది. నూనె పీల్చే గొట్టానికి గాలి తగులుతుంది. చెంబులో మజ్జిగ తీసుకొని పరుగెత్తినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఆ రెండు మూడు క్షణాలు బేరింగులకు నూనె అందదు. ఒకసారికి ఏమీ కాదు. నూరు మలుపులకు బేరింగు అరుగుతుంది. ఆపైన ఒకనాడు పెద్ద చప్పుడుతో ఇంజను బిగిసిపోతుంది. కాబట్టి మంచి పనివాడు నూనెతొట్టిలో అడ్డురేకులు అమరుస్తాడు, లేదా నూనెను వేరే తొట్టిలో ఉంచి పంపులతో తోడే ఏర్పాటు చేస్తాడు. పాత బండి అమ్మేవానిని మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. మావాడు అడిగినాడు. "అట్లాంటివేమీ లేవు, ఇంతవరకు అవసరం పడలేదు" అన్నారు ఆయన, ఏ మాత్రం తడుముకోకుండా. పాపం, ఆయన అబద్ధమాడలేదు; ఆ మాటే నాకు భయం కలిగించినది.

చల్లారినపిమ్మట ఇంజను చక్కగానే అంటుకొన్నది. షెడ్డు వెనుక ఖాళీ స్థలంలో బండిని గుండ్రంగా తిప్పించినాము. ఎడమకు తిరిగినంతసేపు నూనె ఒత్తిడి చూపే ముల్లు నిలకడగా ఉన్నది. కుడికి తిరగగానే ముల్లు వణికి కిందికి జారినది. నూనె వడగట్టే ఫిల్టరును విప్పి, కోసి చూపమని అడిగినాము. (ఇందుకు అమ్మేవారు ఒప్పుకోకపోతే అదికూడా ఒక జవాబే.) ఆయన పెద్దమనిషి, ఒప్పుకొన్నారు. కాగితం మడతలలో మెరుపు కనిపించినది. గూడూరు కుర్రవాడు అయస్కాంతం తగిలించి చూచినాడు. ఈ ఇంజనులలో గేర్లూ క్లచ్చీ అదే నూనెలో మునిగి ఉంటవి. కాబట్టి అయస్కాంతానికి అంటుకొనే సన్నని ఇనుపరజను కొంత ఉండడం సహజం. అంటుకోక మిగిలిన మెరుపే బేరింగులది. మిగిలినది కొంచెమేగాని, మిగిలినది.

తక్కిన పరీక్షలు త్వరగానే అయిపోయినవి. రెండవ గేరులో వేగం పెంచి చటుక్కున వదిలితే గేరు బయటికి దుముకుతున్నదేమో చూడవలె. అది అరిగిపోయిన పళ్లకు గుర్తు. పై గేరులో నిండుగా మీట నొక్కినప్పుడు ఇంజను చుట్లు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్చి జారుతున్నదని అర్థం. రెండువందల అరవై కిలోల మోటారు సైకిలును లాగడానికి పుట్టిన క్లచ్చి, ఇద్దరు మనుషులతో సహా దానికి రెండు మూడింతల బరువును లాగుతున్నది గదా! కార్ల నూనె పోస్తే మరీ జారుతుంది. మోటారు సైకిళ్ల నూనే పోయవలె. మోటారు సైకిలుకు వెనక్కి నడిచే గేరుండదు కనుక, దానికి వేరే ఏర్పాటు ఉన్నదా, లేక దిగి నెట్టుకోవలసినదేనా అన్నదికూడా అడగవలె. టైరు పక్కన నాలుగంకెలు ఉంటవి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఈ బండి టైర్లకు గాడులు కొత్తగా ఉన్నా, అంకెలు మాత్రం 1416. అంటే 2016 ఏప్రిలు నాటివి.

చట్రపు గొట్టాలు అతికినచోట, ముఖ్యంగా ఇంజనూ చక్రాల చేతులూ తగిలించినచోట, పగుళ్లు వెదకవలె. రంగు మాత్రమే కొత్తగా ఉన్నచోట ఇంకా వెదకవలె. కోటవంటి ఊరిలో ఇది చిన్న విషయం కాదు. సముద్రపు గాలికి ఇంటి కిటికీ కమ్మీలే పొరలు పొరలుగా లేచివస్తవి. బోలు గొట్టాల లోపల పట్టే తుప్పు కంటికి కనిపించదు. స్క్రూడ్రైవరు పిడితో తట్టుకొంటూ పోతే, ఖంగుమనేచోటా బొదబొదమనేచోటా తేడా చెవికి తెలుస్తుంది.

చివరకు కాగితాలు. బండికి రిజిస్ట్రేషను లేదు. పందెపు బాటమీద తిప్పుకోవడానికి కట్టించుకొన్నది. ఇంజనుకు బిల్లున్నది, అంతే. మావాడి ముఖం అప్పుడు వాడిపోయినది. కోటనుండి గూడూరుదాకా తెల్లవారుజామున దానిలో వెళ్లవలెనని వాడి కోరిక. రిజిస్ట్రేషను లేని బండిని 1988 నాటి మోటారు వాహనాల చట్టం రోడ్డుమీదికి రానీయదు. రిజిస్ట్రేషను ఉన్న బండినైనా తయారుచేసినవారి నిర్దేశాలకు విరుద్ధంగా మార్చకూడదని అదే చట్టంలోని 52వ సెక్షను చెబుతున్నది. 2019లో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పినది. కాగితాలున్న బండి అయితే ఇంజను నంబరు, చట్రం నంబరు పుస్తకంతో సరిచూచుకొని, పై రాష్ట్రంనుండి తెచ్చేటప్పుడు అక్కడి రవాణా కార్యాలయంనుండి అభ్యంతరం లేదన్న పత్రం తీసుకొని, అప్పు ఏదైనా ఉంటే తీరినట్లు నమోదు చేయించి, ఆ తరువాతనే డబ్బు చేతిలో పెట్టవలె. ఇక్కడ ఆ ప్రసక్తే రాలేదు.

బయానా ఇవ్వకుండానే లేచినాము. ఆయన నొచ్చుకోలేదు, కాఫీ ఇప్పించి పంపినారు. తిరుగు బస్సులో సూళ్లూరుపేట దాటేదాకా మావాడు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, "మామా, ఇంజను విప్పించి బేరింగులు మార్పించి, తొట్టిలో రేకులు పెట్టిస్తే ఎంతవుతుందంటారు? లారీమీద పందెపు బాటకే తీసుకొని పోతాను" అన్నాడు. ముందు సీటులో గూడూరు కుర్రవాడు అప్పటికే ఒక కాగితంమీద లెక్క వేస్తున్నాడు.