ఇల్లు కొన్న తరువాత బయటపడు లోపములు - మన కర్తవ్యము

(మత్తిగిరిలో మన సంఘ కుటుంబములు కూడిన సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినము మేము మాటలాడదలచిన విషయము బడిని గూర్చినది కాదు, పాఠ్యపుస్తకములను గూర్చినది కాదు; మనము కాపురముండు ఇంటిని గూర్చినది. మేము న్యాయశాస్త్రము చదివినవారము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవారము. అయినను మేము ఇచ్చిన సలహా వలన ఒక కుటుంబమునకు కలిగిన నష్టము మాచేత ఈ విషయమును బలవంతముగా నేర్పించినది. అట్టి నష్టము మరియొకరికి కలుగరాదను తలంపుతో ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు అనిరి. కట్టిన ఇంటిని కొని చూడు అను మాటను వారు చేర్చలేదు. వారికి ఆ అవసరము అంతగా కలుగలేదు. మన తాతలు తమ కన్నుల యెదుట మట్టి గోడలు పెట్టించి, పైన రాతి బండలు పరపించి, ఆ ఇంటనే కన్ను మూసిరి. ఏ మూల చెద ఉన్నదో, ఏ గోడ వానకు చెమర్చునో వారికి తెలియును. 1970, 1980 దశాబ్దములలో హోసూరున కార్ఖానాలు వెలసినవి. పొలములు ఇండ్ల స్థలములైనవి. 2011లో మన మత్తిగిరి హోసూరు పురపాలక సంఘమున కలిసినది. 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయినది. నేడు ఇల్లు కట్టువారొకరు, బాడుగకుండువారొకరు, కొనువారు మరియొకరు. కట్టినవానికి తెలిసినది కొన్నవానికి తెలియదు. చిక్కు అక్కడనే పుట్టుచున్నది.

ఆ కుటుంబము సంగతి చెప్పెదము. వారి పేరు గాని, అమ్మినవారి పేరు గాని చెప్పుట ధర్మము కాదు; ఇరువురును మనవారే. కొన్న ఆయన కార్ఖానాలో లేతు పనివాడు. ఇరువదియేండ్ల పొదుపును, భార్య మెడలోని బంగారమును కలిపి 2014లో ఒక ఇల్లు కొనెను. గోడలకు కొత్త సున్నము, నేలకు కొత్త పలకలు, చూచుటకు ఇల్లు పెండ్లికూతురు వలె ఉండెను. మరుసటి యేటి వానలకు నడి ఇంటి నేల నుండి నీరు ఊరినది. వంటయింటి గోడ పైనుండి క్రిందివరకు పగిలినది. మేస్త్రీని పిలిచి పలకలు ఎత్తించగా, క్రింద పాత నేల ఒకటి, దాని క్రింద మరియొకటి కనిపించినవి. పూర్వము అక్కడ చెరువుకు పోవు కాలువ ఒకటి ఉండెననియు, దానిని మట్టితో పూడ్చి ఇల్లు కట్టిరనియు, అమ్మినవారు రెండుమారులు నేల ఎత్తు చేయించి పగుళ్ళకు సిమెంటు మెత్తించిరనియు పక్కింటి ముసలాయన చెప్పెను. అనగా లోపము అమ్మినవారికి తెలియును, కొన్నవారికి చెప్పలేదు.

ఆయన మా వద్దకు వచ్చెను. మేము ఏమి చేసితిమి? "ఇరువురును మనవారే, కోర్టుకు పోయిన నలుగురిలో నవ్వులపాలు, మేము మాటలాడెదము" అంటిమి. మాటలాడితిమి కూడ. అమ్మిన ఆయన కాదనలేదు. దీపావళి కానిమ్మనెను, ఉగాదికి చూతమనెను, కూతురి పెండ్లి అయిన వెనుక తప్పక ఇత్తుననెను. మేము ప్రతిమారును ఆ మాటను మోసికొనిపోయి కొన్న ఆయనకు చెప్పి ఓపిక పట్టుమంటిమి. ఇట్లు నాలుగేండ్లు గడచినవి. 2019లో విసిగి వకీలు వద్దకు పోగా, ఆయన అడిగిన ప్రశ్నలు రెండే. "లోపము మీకు తెలిసినది ఏ నాడు? ఆయన ఒప్పుకొన్నట్లు చేవ్రాలుతో కాగితమేదైన ఉన్నదా?" తెలిసినది 2015లో. కాగితము లేదు. వ్యాజ్యము వేయుటకు గడువు తీరిపోయినది. ఆ మాట చెవిని పడిన నాటి నుండి అమ్మిన ఆయన మాకు ముఖము చూపలేదు. కొన్న ఆయన మరల అప్పు చేసి పునాది బాగు చేయించుకొనెను. మేము వారి ఇంటికి పోయి క్షమాపణ కోరితిమి. ఆ యిల్లాలు మాకు కాఫీ ఇచ్చి, ఏమియు అనలేదు. అనియుండిన బాగుండెడిది.

ఇక చట్టము ఏమి చెప్పుచున్నదో చూతము. కొనువాడే చూచి కొనవలెను, తరువాత అడుగరాదు అని మన అంగళ్ళలో ఒక మాట వాడుకలో ఉన్నది. మేమును అదియే నమ్మితిమి. అది సగము సత్యము మాత్రమే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను ప్రకారము, ఆస్తిలో గాని హక్కులో గాని ముఖ్యమైన లోపము ఉండి, అది అమ్మువానికి తెలిసి, కొనువానికి తెలియక, సామాన్యమైన జాగ్రత్తతో వెదకినను బయటపడనిదైనచో, దానిని కొనువానికి తెలుపుట అమ్మువాని విధి. తెలుపకుండుట కపటమని అదే సెక్షను చెప్పుచున్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టము కూడ, మాటలాడవలసిన విధి ఉన్నచోట మౌనము మోసమగునని ఒప్పుకొనుచున్నది.

అయితే "సామాన్యమైన జాగ్రత్త" అను మాటను మరువరాదు. మా అంగడిలో కందిపప్పు కొనువాడు చేతిలోనికి తీసికొని చూచును. పురుగు పైకి కనిపించుచున్నను చూడక కొన్నచో తప్పు ఆతనిదే. మూట అడుగున పుచ్చు పప్పు పోసి పైన మంచి పప్పు పరచినచో తప్పు మాది. ఇల్లును అంతే. వాకిట నిలిచి చూచిన కనబడు పగులును గూర్చి తరువాత ఫిర్యాదు చేయుటకు వీలు లేదు. కొత్త సిమెంటు క్రింద దాచిన పగులు వేరు. అమ్మినవానికి ఆ లోపము తెలియునని చూపవలసిన భారము మాత్రము కొన్నవానిదే. పక్కింటివారు, పూర్వము బాడుగకుండినవారు, మెత్తిన మేస్త్రీ - వీరే సాక్షులు.

అట్టి లోపము రుజువైనచో, క్రయమును రద్దుచేసి సొమ్ము వాపసు ఇప్పించుమని గాని, ఇంటిని ఉంచుకొని నష్టపరిహారము ఇప్పించుమని గాని సివిలు కోర్టును అడుగవచ్చును. ఏది తగునో వకీలు చెప్పవలెను. గడువు మాత్రము 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము మూడేండ్లు. మోసము జరిగినచో, అది తెలిసిన నాటి నుండి, లేక తగిన శ్రద్ధతో తెలిసికొనదగిన నాటి నుండి ఆ మూడేండ్లు లెక్కకు వచ్చును. పంచాయతీ మాటలు ఆ గడియారమును ఆపవు. గడువులోపల అమ్మినవాడు తన బాధ్యతను ఒప్పుకొనుచు వ్రాసి చేవ్రాలు చేసినచో, అప్పటి నుండి గడువు క్రొత్తగా మొదలగును. మేము ఆనాడు ఆ ఒక్క కాగితము వ్రాయించియుండినచో ఆ కుటుంబము గతి వేరుగా ఉండెడిది.

కట్టి అమ్ము బిల్డరుల వద్ద కొన్నవారి మార్గము వేరు. ఇల్లు కట్టి యిచ్చుట కూడ సేవయే యని లక్నో అభివృద్ధి సంస్థ వ్యాజ్యమున సుప్రీము కోర్టు 1993లో తీర్పు చెప్పినది. హైదరాబాదునకు చెందిన నార్నె కన్‌స్ట్రక్షన్సు వ్యాజ్యమున 2012లో, లేఔటు వేసి వసతులు కల్పింతుమని చెప్పి అమ్మిన స్థలములకును ఈ న్యాయము వర్తించునని అదే కోర్టు చెప్పినది. కావున అట్టివారు జిల్లా వినియోగదారుల కమిషనునకు ఫిర్యాదు చేయవచ్చును. అక్కడ గడువు రెండేండ్లే. 2019 చట్టము వచ్చిన తరువాత మనము నివసించు చోటనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. ఒకరు తమ పాత ఇంటిని మరియొకరికి అమ్మినచో మాత్రము అది సేవ కాదు. సివిలు కోర్టే గతి.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, అనగా రెరా, దాని క్రిందికి వచ్చు కట్టడములకు మరియొక రక్ష ఇచ్చినది. ఇల్లు అప్పగించిన నాటి నుండి అయిదేండ్లలోపల కట్టడపు లోపమును చూపినచో, బిల్డరు ముప్పది దినములలో తన ఖర్చుతో సరిచేయవలెను. చేయనిచో పరిహారము ఇయ్యవలెను. మన గల్లీలలో నాలుగు ఇండ్లు కట్టి అమ్ము చిన్న మేస్త్రీ దీని క్రిందికి సాధారణముగా రాడు. స్థలము 500 చదరపు మీటర్లకును, ఇండ్లు ఎనిమిదికిని మించనిచో రిజిస్ట్రేషను అక్కరలేదని ఆ చట్టమే చెప్పుచున్నది. కొనునప్పుడే ఇది అడిగి తెలిసికొనవలెను.

కనబడని లోపము సొమ్మునే కాదు, ప్రాణములను కూడ తీయును. 2014 జూను 28న చెన్నై చెంత మౌళివాక్కమున కట్టుచున్న పదునొకండు అంతస్తుల భవనము కూలి 61 మంది మరణించిరి. వారిలో పలువురు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల నుండి కూలికి వచ్చిన మన తెలుగువారు. పక్కన నిలిచిన రెండవ భవనమును 2016 నవంబరులో ప్రేలుడు పదార్థములతో కూల్చివేసిరి. అందులో ఇండ్లకు సొమ్ము కట్టినవారు కాగితము చూచి, బొమ్మ చూచి కట్టినవారే. పునాది ఎవరికిని కనిపించలేదు.

ఇక కొనుటకు ముందు చేయవలసినవి. విల్లంగపు సర్టిఫికేటు తీసికొనిన చాలునని మనలో పలువురి నమ్మకము. అది రిజిస్టరైన లావాదేవీలను మాత్రమే చూపును. గోడలోని తేమను చూపదు. సబ్ రిజిస్ట్రారు దస్తావేజును రిజిస్టరు చేయునే గాని ఇంటిని పరీక్షింపడు. కావున మనకు నమ్మకమైన మేస్త్రీని, వీలైన ఇంజనీరును తీసికొనిపోవలెను. వాన పడిన మరునాడు ఒకమారు చూడవలెను. పక్కింటివారిని అడుగవలెను. గ్రామపటములో ఆ చోట కాలువ గాని, చెరువు గాని చూపబడినదా యని చూడవలెను. లోపములను గూర్చి అమ్మువానిని ప్రశ్నలు అడిగి, జవాబులు వ్రాతమూలకముగా తీసికొనవలెను.

మరియొక మాట మన భాషకు సంబంధించినది. మనవారిలో పెద్దలు తమిళము మాటలాడగలరు గాని చదువలేరు. క్రయపత్రము తమిళములో ఉండును. "ఇల్లు ఉన్నది ఉన్నట్లు చూచి తృప్తిపడి కొన్నాను, ఇకమీద తగవు లేదు" అను వాక్యము అందులో ఉన్నను తెలియక వ్రేలిముద్రయో, చేవ్రాలో వేయుదుము. 55వ సెక్షను విధులు వేరు ఒప్పందము లేనప్పుడే వర్తించును గనుక అట్టి వాక్యము తరువాత మనకే అడ్డుపడవచ్చును. 2006 నాటి తమిళ అభ్యసన చట్టమును గూర్చి మన అభిప్రాయములు ఎట్లున్నను, నేడు మన పిల్లలు తమిళము చదువగలరు. దస్తావేజును ముందురోజే తెప్పించి, ఇంటి బిడ్డచేత చదివించి, తెలుగులో అర్థము చెప్పించుకొనుడు. బిడ్డ తడబడిన చోట వకీలును అడుగుడు.

కొన్న తరువాత లోపము బయటపడెనా, బాగుచేయించుటకు ముందు ఫోటోలు తీయించుడు. ఇంజనీరుచేత వ్రాయించుడు. తెలిసిన తేదీని గుర్తుంచుకొనుడు. అమ్మినవానికి స్పీడుపోస్టులో నోటీసు పంపుడు. అటుపిమ్మట రాజీకి కూర్చుండుడు. రాజీ మేము వద్దనుటలేదు. అది మన పెద్దల నుండి వచ్చిన మంచి సంప్రదాయము. కాని రాజీ కుదిరినచో కాగితము మీద కుదురవలెను. 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద తాలూకా న్యాయసేవల కమిటీ ఉన్నది. లోక్ అదాలతులో కుదిరిన రాజీ సివిలు కోర్టు డిక్రీతో సమానము. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కును ఆ చట్టమే ఇచ్చినది.

చివరకు అమ్మువారితో ఒక మాట. మనలో ఇండ్లు కొన్నవారే కాదు, అమ్మినవారును ఉన్నారు. పగులు చెప్పినచో ధర తగ్గును, నిజమే. చెప్పక పుచ్చుకొన్న ఎక్కువ ధర కొన్నవాని కష్టార్జితము. "అడుగలేదు గనుక చెప్పలేదు" అను మాట అంగడిలో మేమును విన్నాము, అన్నాము కూడ. చట్టము ఆ మాటను ఒప్పదు. దైవము ఒప్పునని మేము అనుకొనము.

నేటి నుండి మా వద్దకు ఇట్టి తగవు వచ్చినచో మేము మొదట అడుగునది తేదీ, రెండవది కాగితము, ఓపిక పట్టుమను మాట ఆ తరువాతనే. తమలో ఎవరి ఇంట ఇట్టి చిక్కు నడుచుచున్నను, మొగమాటపడక ఈ రాత్రియే ఆ తేదీని చూచుకొనుడు. మూడేండ్లు ఇంకను నిండనిచో రేపు ఉదయమే మా అంగడికి రండి. కలిసి వకీలు వద్దకు పోవుదము.

సెలవు.