డయాలసిస్ దాకా ఆగకుండా టీకా వేయండి

(ఉద్దానం రైతుల సభలో చేసిన ప్రసంగం)



మన కొబ్బరి, జీడి తోటల ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి తెలియని ఇల్లు అరుదు. మంచినీళ్లు అడిగాం, పింఛన్లు అడిగాం. ఇవాళ ఒక టీకా అడుగుతున్నాం.

డయాలసిస్‌లో వారానికి రెండు మూడుసార్లు రక్తం యంత్రంలోకి వెళ్లి వస్తుంది. హెపటైటిస్ బి రక్తం ద్వారా అంటుకుంటుంది. కొందరిలో ఏళ్ల తరబడి లోపలే ఉండి కాలేయాన్ని చెడగొడుతుంది. కిడ్నీలు పోయిన మనిషికి కాలేయం కూడా పోతే ఇంకేం మిగులుతుంది? కామెర్లని పసరు పోయించుకుంటే ఇది తగ్గదు. టీకాతో మాత్రం ముందే ఆపొచ్చు. దాన్ని 1997లోనే మన హైదరాబాద్ కంపెనీ శాంతా బయోటెక్నిక్స్ చౌకగా తెచ్చింది. ఇప్పుడు పుట్టిన బిడ్డలకు సర్కారే వేస్తోంది. మన వయసువాళ్లకు చిన్నప్పుడు ఎవరు వేశారు?

మామూలు పెద్దలకు ఆరు నెలల్లో మూడు డోసులు. డయాలసిస్ వాళ్లకు మోతాదు రెట్టింపు కావాలి. కిడ్నీ జబ్బు ముదిరాక టీకా సరిగా పట్టదు. అందుకే క్రియాటినిన్ పెరిగిందని తేలగానే రక్తపరీక్ష చేసి, బి లేదంటే మొదటి డోసు వేయాలంటున్నాం. ఆఖరి డోసు తర్వాత నెలా రెండు నెలల్లో, పట్టిందో లేదో మళ్లీ చూడాలి. బి ఉన్నవాళ్ల ఇంట్లో మిగతావాళ్లకూ వేయాలి.

సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సులో అర్జీ ఇస్తున్నాం. మీ రిపోర్టు కాగితాలు పట్టుకుని రండి.