చిన్న మీట, పెద్ద వేగము

మా యూరి బడికి చందాలు కూర్చి కంప్యూటరు కొనవలసి వచ్చినపుడు, నానోమీటర్ల అంకె యెంత చిన్నదైన యంత్ర మంత మేలని తలచి, ఉన్న సొమ్మంతయు నొక్కదానికే వెచ్చించితిని. అది పొరపాటని పిమ్మట తెలిసినది. ఎట్లో మనవి చేసెదను.

కంప్యూటరునకు మెదడువంటిది ప్రాసెసరు. ఆ సిలికాను బిళ్లలో ట్రాన్సిస్టరు లనెడి విద్యుత్తు మీటలు కలవు. పెద్దకాలువ తలుపు నెత్తుటకు నలువురు కావలెను. మడిగట్టు గండిని ఒక పార మట్టితో మూయవచ్చును. మీటయు నట్లే, చిన్నదైనకొలది తక్కువ విద్యుత్తుతో వడిగా పనిచేయును. 1971లో ఇంటెల్ వారి 4004 ప్రాసెసరులో మీటలు 2,300. దాని గడియారము సెకనుకు 7 లక్షలకు పైగా కొట్టుకొనెడిది. 2004 నాటికి వారి పెంటియం 4లో ఆ లెక్క 380 కోట్లకు చేరెను.

అంతటితో ఆ పరుగు మందగించెను. మీట మిక్కిలి సన్నబడగా, మూసినను విద్యుత్తు కారసాగెను, బిళ్ల వేడెక్కెను. అందుచే 2005 మొదలు వారు ఒకే ప్రాసెసరులో రెండేసి, పిదప నాలుగేసి గణనభాగములను కూర్చిరి. పదిమంది కలసిన కోత త్వరగా ముగియును; కాని యొక్క జాబును పదిమంది కూడి వ్రాయలేరు గదా!

మరియు "5 నానోమీటర్లు" అనునది నేడు తయారీ తరమును దెలుపు పేరే గాని మీట కొలత కాదు. కావున అంకెను నమ్మక, మన పని యేదో నిశ్చయించుకొని, యంత్రమును నడిపించి చూచి కొనుడు. నేనట్లు చేసియున్నచో మా పిల్లలకు రెండు యంత్రములు వచ్చియుండెడివి.