అడుగు బురద

నా బాల్యమున మా యూరివారు వేసవిలో చెరువుమన్ను పొలములకు తోలుచుండిరి. అది ఎరువుకొఱకే యనుకొంటిని. చెరువునకును మేలని స్వీడన్ దేశపు ఉదంతమువలన తెలిసికొంటిని.

అచ్చటి వెక్ష్యో నగరమున ట్రుమ్మెన్ అను సరస్సు కలదు. దానిలో కలియు మురుగును 1950 దశకాంతమున మళ్లించిరి. పదేండ్లు గడచినను నీరు తేటపడలేదు. అడుగు బురదలోని పాత మురుగుసారము నాచును పెంచుచునే యుండెను. 1970, 1971 సంవత్సరములలో ఏటికి అరమీటరు చొప్పున బురదను తోడిరి. దానినుండి దిగిన నీటిని పటికజాతి లవణముతో శుద్ధిచేసి మరల విడిచిరి. ఎండిన మన్ను తోటలకు పనికివచ్చెను. పిమ్మట బురద కెలకు చేపలను తగ్గించిరి. నీరు తేటపడెను.

మురుగు నాపుట సగము పని. పూడిక తీయుట తక్కిన సగము. మొదటిది మఱచి రెండవది చేసినచో చెరువు మరల చెడును. మీ యూరి చెరువునకు ఏది కొఱవడినదో విచారింపుడని ప్రార్థించుచున్నాను.