వీధి వేడుక: ఊరి ఉమ్మడి సొత్తు

(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినదన్న, అందులకు పుస్తకములు మాత్రమే కారణము కాదు. దాని తలుపు తెరచియుండుట కారణము. లోనికి వచ్చినవానిని నీ వెవరివాడవు, నీ చేత నెంత యున్నది అని యెవరును అడుగకుండుట కారణము. చందా ఇయ్యగలవారు ఇచ్చిన సొమ్ముతో ఇయ్యలేనివాడును పత్రిక చదువుకొనుచున్నాడు. రుసుము లేని చోటు, సిఫారసు అక్కరలేని చోటు, ఎవరైనను వచ్చి కూర్చుండదగిన చోటు ఊరి కొక్కటైనను ఉండవలెను.

అట్టి చోటునకు మరియొక రూపము కలదు. అది వీధి, చెరువుకట్ట, ఏటి యిసుక, సముద్రపు టొడ్డు. అక్కడ నలుగురును చేరి, టిక్కెట్టు లేక, వేదిక లేక, ఆడి పాడి ఇంటికి పోవుటయే ఈ ప్రసంగమునకు విషయము. పల్లెవారి సభలో పట్టణపు వీధుల ముచ్చట ఏల యని సందేహింప బనిలేదు. ఈ తీరమునందలి పిల్లలు చదువులకు నెల్లూరు పోవుచున్నారు. పెద్దలు ఆసుపత్రికిని అంగడికిని అచ్చటికే పోవుచున్నారు. ఆదివారము వచ్చిన నెల్లూరువారు మైపాడు ఒడ్డునకు వచ్చుచున్నారు. పట్టణమునకును పల్లెకును నడుమ గీత నానాటికి చెరగిపోవుచున్నది.

మునుపు ఆటకు స్థలము వెదకవలసిన అవసర ముండెడిది కాదు. రచ్చబండ యెదుట చెడుగుడు, చింతతోపులో కోతికొమ్మచ్చి, అరుగులపై అచ్చనగాయలు, వీధి నడుమ కర్రాబిళ్ల సాగెడివి. కార్తికమున వనభోజనము, ధనుర్మాసమున ముంగిట ముగ్గులు, గొబ్బెమ్మలు, వేసవిలో తోలుబొమ్మలాట. వీనిని ఏర్పాటు చేయుటకు సంఘ మేదియు లేదు, ఊరే సంఘము. పట్టణములో అట్లు కాదు. వీధి బండ్లది, అరుగు అంగడిది, ఖాళీస్థలము ప్రహరీగోడది. ఆడుకొనుటకు పిల్లవాడు మొదట డబ్బు చెల్లించి లోనికి పోవలెను. డబ్బు లేనివాడు గడపలోనే ఉండవలెను. ఎవరును కూర్చుండని చెరువుకట్టపై మొదట చెత్త పడును. పిదప పాక లేచును. తుదకు అది కట్టయని చెప్పువాడే ఉండడు. వాడుక లేని ఉమ్మడి స్థలము మిగులదు. ఇదియే ఈ విషయమునందలి అసలు ప్రమాదము.

అయినను నెల్లూరు ఈ విద్యను పూర్తిగ మరచిన పట్టణము కాదు. అందులకు రెండు నిదర్శనములు చాలును.

మొదటిది రొట్టెల పండుగ. మొహరము మాసమున నెల్లూరు స్వర్ణాల చెరువు చెంత, బారాషహీదు దర్గా యెదుట జరుగు ఈ పండుగ నెరుగనివారు ఈ తీరమున లేరు. కోర్కె గలవారును, కోర్కె తీరినవారును చెరువు నీటిలోనికి దిగుదురు. కోర్కె తీరినవారు రొట్టె నిత్తురు, కోరుకొనువారు పుచ్చుకొందురు. చదువు రొట్టె, ఉద్యోగపు రొట్టె, పెండ్లి రొట్టె, సంతానపు రొట్టె, ఆరోగ్యపు రొట్టె అని వానికి పేర్లు. ఈ యేడు పుచ్చుకొన్నవారు, కోర్కె నెరవేరిన పిదప మరుసటి యేట వచ్చి ఇత్తురు. 2015వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీనిని రాష్ట్రపు పండుగగా ప్రకటించెను. అది భక్తికి సంబంధించిన సంగతి, ఆట కాదు. కాని జనులు గూడు విధమును నేర్పుటలో దానిని మించిన బడి లేదు. అచ్చట హిందువులును ముస్లిములును ఒకే నీటిలో నిలుతురు. ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని ముందు పరిచయ ముండదు. రొట్టెకు వెల లేదు. ముఖ్యముగా, అచ్చట చూచుటకు మాత్రమే వచ్చినవాడు బహు తక్కువ. వచ్చిన ప్రతివాని చేతికిని ఒక పని యున్నది.

రెండవది ఏటి పండుగ. సంక్రాంతి వేడుకల చివర నెల్లూరు ఆడుపడుచులు గొబ్బెమ్మలను పెన్నేటి కొడ్డునకు తెచ్చి నీట విడుతురు. ఇంటిల్లిపాదియు ఇసుకలో కూర్చుండి తెచ్చుకొన్నది తిని, ప్రొద్దు గ్రుంకువరకు గడుపుదురు. నంది కొండలలో పుట్టి యింతదూరము వచ్చిన ఏరు ఆ దినమున పట్టణమున కంతటికి ముంగిలి యగును. ఎవరి ముంగిటి గొబ్బెమ్మ వారిది. ఏరు మాత్ర మందరిది.

వీనితో పోల్చుటకు ఇటీవలి వేడుక యొకటి కలదు. పులికాటు సరస్సునకును నేలపట్టునకును వచ్చు పక్షుల పేర సూళ్లూరుపేటలో 2001వ సంవత్సరమున ఫ్లెమింగో పండుగ ఆరంభమైనది. అప్పుడు సూళ్లూరుపేట నెల్లూరు జిల్లాలోనిది. 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. ఆ పండుగ మంచిదే. దూరదేశపు పక్షిని పల్లె పిల్లలకు చూపినది. కాని దానిని నడుపునది ప్రభుత్వము. అందుచేత నడుమ కొన్నియేండ్లు అది నిలిచిపోయి, 2025 జనవరిలో తిరిగి జరిగినది. ఏటి పండుగ కెవరును నిధులు మంజూరు చేయ బనిలేదు. గొబ్బెమ్మ గల ప్రతి యిల్లును దానికి కార్యాలయమే. ప్రభుత్వము తోడుపడవచ్చును, పడవలెను కూడ. కాని వేడుక వేరు జనుల చేతిలో లేనిచో ఒక సంతకము ఆలస్యమైనను అది వాడిపోవును.

పండుగ కాని దినమున ఇట్టి కూటములు సాధ్యమా యన్న, ఇతర నగరములు సమాధానము చెప్పుచున్నవి. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశపు రాజధాని బొగోటాలో 1974వ సంవత్సరమున ఒక ఆదివారము కొన్ని వీధులలో మోటారు బండ్లు నిలిపి, జనులకు విడిచిరి. అది నేడు ప్రతి ఆదివారమును, సెలవుదినమును ఉదయము 7 గంటలు మొదలు మధ్యాహ్నము 2 గంటల వరకు నూరు కిలోమీటర్లకు పైగా బాటలపై సాగుచున్నది. సైకిలు తొక్కువారు, నడచువారు, పిల్లల బండ్లు త్రోయువారు అందరును వీధికి వచ్చుచున్నారు. దానిని చూచి 2013 నవంబరులో ఢిల్లీ చెంత గురుగ్రామమున రాహ్‌గిరి యను పేర అట్టి కూటము మొదలైనది. 2021 ఆగస్టులో హైదరాబాదున హుస్సేన్‌సాగరపు కట్టపై ఆదివారము సాయంకాలము 5 గంటలు మొదలు 10 గంటల వరకు బండ్లను ఆపిరి. కుటుంబములు అచ్చట రోడ్డు దాటుట కష్టముగా నున్నదని ఒక పౌరుడు మంత్రికి చేసికొన్న మనవియే దానికి నాంది. మనవి చేయువాడొక్కడుండిన బాట తెరచుకొనునని దీనివలన తెలియుచున్నది.

ఇక ఏర్పాటు సంగతి. దీనికి ధనముకన్న తెలివి ఎక్కువ కావలెను.

ప్రారంభమున చిన్నవీధి నెన్నుకొనుట మేలు. ఆసుపత్రి మార్గమును, బస్సు మార్గమును విడువవలెను. ఆ వీధిలో కాపురమున్న ప్రతి యింటికిని ముందుగా పోయి చెప్పవలెను. వారి సమ్మతి లేని వేడుక తగవుగా ముగియును. 1861వ సంవత్సరపు పోలీసు చట్టము 30వ విభాగము ప్రకారము బాటలపై జరుగు సభలను, ఊరేగింపులను క్రమపరచు అధికారము పోలీసువారికి కలదు. కావున వారికిని, పురపాలక సంఘమునకును వ్రాతమూలకముగా తెలుపవలెను. ధ్వనివర్ధకము లేకుండుటయే ఉత్తమము. ఉన్నను సాధారణముగా రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు వాడరాదని 2000వ సంవత్సరపు నియమములు చెప్పుచున్నవి.

ఆటకు వస్తువులు స్వల్పము. సుద్దముక్క యున్న తొక్కుడుబిళ్ల, త్రాడున్న త్రాడులాగుట, కాగితమున్న గాలిపటము, ఏమియు లేకున్న దాగుడుమూతలు. ముసలివారు వామనగుంటలు నేర్పవలెను. పిల్లలు వారికి తమ ఆట నొకటి నేర్పవలెను. బహుమతులు వలదు. బహుమతి యున్నచోట గెలుపు ప్రధానమగును, గెలువలేనివాడు ప్రేక్షకుడగును. ఉపన్యాసములు వలదు. వేదిక వలదు, వేదిక వేసినతోడనే కుర్చీలు వచ్చును, కుర్చీలతో ముందువరుస వచ్చును, ముందువరుసతో తారతమ్యము వచ్చును.

త్రాగునీరు, నీడ, ఆడువారికి మరుగుదొడ్డి, చీకటిపడిన దీపము: ఈ నాలుగును లేక ఎవరిని పిలిచినను తప్పే. స్త్రీలు నిర్భయముగా వచ్చి, తమంత తాము పోగలిగిననే అది ఊరి వేడుక. చిరుతిండ్ల బండివానిని తరుమరాదు, అతడును ఊరివాడే. సముద్రతీరమున నైనచో ఆట ఇసుకలోనే ఉండవలెను. మైపాడున అల చూచుటకు మెత్తన, లాగుటకు గట్టిది. నీటి యంచున స్థానికులైన పట్టపువారు ఇద్దరు ముగ్గురు కాపుండుట అవసరము. ఆ నీటి గుణము వారి కెరుకయైనట్లు పుస్తకమునకు ఎరుక కాదు. కడపట, ఆడినవారే ఊడ్చి పోవలెను. మరునా డుదయము ఆ వీధి మునుపటికంటె శుభ్రముగా కనబడినచో రెండవమారు ఎవరును కాదనరు.

ఇవన్నియు పనిలేనివారి పనులని కొందరు ఆక్షేపింతురు. వారి కొక ప్రశ్న చాలును. ఒకే ఊరిలో పుట్టి, ఒకే బావి యెరుగనివారు, ఒకే పంక్తి యెరుగనివారు ఎచ్చట కలియవలెను? సభలో కలిసిన మాట వచ్చును, మాటతో పట్టుదల వచ్చును. ఆటలో చేయి పట్టుకొనక తప్పదు. త్రాడులాగునపుడు వెనుకనున్నవాడు ఏ పేటవాడని ముందున్నవాడు విచారింపడు. గట్టిగా లాగుచున్నాడా లేదా యని మాత్రమే చూచును. ఆ ఒక్క గడియ చాలదు. కాని ఆ గడియయైనను లేని ఊరు, పేటలుగా బ్రతికి పేటలుగానే పోవును. ఉచితమన్న మాటకు డబ్బు లేకుండుట ఒక్కటే అర్థము కాదు. అడ్డు లేకుండుట అసలర్థము. రుసుము తీసివేసి గీత మిగిల్చిన వేడుక ఉచితము కాదు.

ఈ పనికి గ్రంథాలయముకన్న తగిన సంస్థ వేరొకటి లేదు. అది ఒక కులపుది కాదు, ఒక పక్షపుది కాదు. ఆంధ్రదేశమున గ్రంథాలయము గడప దాటి నడచిన చరిత్రయు కలదు. 1935వ సంవత్సరమున పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవ కెక్కించి కృష్ణా కాలువ వెంట ఊరూరికి పంపిరి. చదువరి రాలేనిచో పుస్తకమే పోవలెనని ఆ పెద్దల అభిప్రాయము. ఆ పడవ కాలువమీద సాగినది; నేటి గ్రంథాలయము వీధిమీదికి సాగవలెను. నెల కొక ఆదివారము, సాయంకాలము రెండు గంటలు, గ్రంథాలయము ముందరి బాటపై ఒక చాపపరచి బొమ్మల పుస్తకములు, రెండవ చాపపై వామనగుంటల పీట, మూడవచోట సుద్దముక్క ఉంచిన చాలును. మిగిలినది పిల్లలే చూచుకొందురు.

ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయపు తలుపు తెరచియున్నది. రానున్న ఇరువదియైదేండ్లలో ఆ తెరచిన తలుపు ముందరి వీధికిని రావలెను. స్వర్ణోత్సవము నాటికి నేటి బాలురు పెద్దలై, తమ బిడ్డలకు ఈ వీధిని చూపి, ఇచ్చట ఆడుకొంటిమి అని చెప్పుకొనగలిగినచో, ఈ వీధి ఊరిది కాదని చెప్పుటకు అప్పు డెవ్వనికిని నోరు రాదు.

స్వస్తి.